నాలుగు గంటల అప్పగింత

ఆర్డిస్ కాల్బీకి పెళ్ళి కాలేదు. అయినా పద్నాలుగేళ్ళు కాపురం చేసింది, ఆ పైన ఇరవై ఏళ్ళకు పైగా విధవరాలిగా బతికింది. నార్త్ హెవ్లిన్‌లో ఈ మాట ఎవరితో అన్నా ఆశ్చర్యపోరు. ఆ కాపురం ఎక్కడ చేసిందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. నది వంపు దగ్గర బ్రాకెట్ వారి ఇంట్లో, మే నుంచి అక్టోబరు దాకా, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు. సోమవారాలు సెలవు.

బ్రాకెట్ వాళ్ళ వంశం ఏనాడో అంతరించింది. ఇల్లు మాత్రం ఊరి చరిత్ర సంఘం చేతిలో పడి మ్యూజియమై కూర్చుంది. మామూలు మ్యూజియం అయితే రాట్నాన్ని అద్దాల బీరువాలో పెట్టి, పక్కన అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి ఊరుకుంటారు. మా కమిటీవాళ్ళకు అది ఆనలేదు. రెండు వందల ఏళ్ళ కిందట ఈ ఇంట్లో మనుషులు ఎలా బతికారో అలాగే బతికి చూపించాలన్నారు. పొయ్యి రాజేసి రొట్టె కాల్చాలి, అవిసె నార వడకాలి, వత్తులు కరిగిన కొవ్వులో ముంచి ముంచి కొవ్వొత్తులు చెయ్యాలి, కొట్టంలో కూర్చుని గడ్డి పోగుచేసే పళ్ళకర్రలు చెక్కాలి. చూడవచ్చినవాళ్ళు ఏమడిగినా ఆ కాలపు మనిషిలాగే జవాబు చెప్పాలి. గేటు దాటి లోపలికి వచ్చాక ఎవరి పేరూ వాళ్ళది కాదు. అది ఆ ఇంటి కట్టుబాటు.

ఆర్డిస్ అక్కడికి వచ్చేటప్పటికి బడి చదువు ఇంకా పూర్తి కాలేదు. వేసవి సెలవుల్లో నాలుగు డాలర్లు వస్తాయని చేరింది. ఇచ్చిన వేషం పనిపిల్లది. వీధి గుమ్మం దగ్గర నిలబడి తలుపు తియ్యడం, కోళ్ళకు గింజలు వెయ్యడం, వచ్చినవాళ్ళకు పళ్ళెంలో బిస్కట్లు పట్టుకెళ్ళి ఇవ్వడం. పనిపిల్లకు మాటలు తక్కువ. ఆర్డిస్‌కు పుట్టుకతోనే మాటలు తక్కువ కాబట్టి ఆ వేషం అతికినట్టు సరిపోయింది. ఆ శీతాకాలమే తల్లికి పక్షవాతం వచ్చింది. తండ్రి అంతకు ముందే ఎటో పోయాడు. తోటివాళ్ళందరూ పోర్ట్‌లాండ్ అనీ బోస్టన్ అనీ తలోదారీ పడితే ఆర్డిస్ మాత్రం చలికాలం చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపనీ, వేసవిలో బ్రాకెట్ ఇల్లూ, మిగిలిన టైమంతా అమ్మ మంచమూగా మిగిలిపోయింది. బట్టలుతికే షాపు మీద రెండు గదుల్లో ఉండేవారు. కింద యంత్రాలు తిరుగుతుంటే పైన గిన్నెలు గలగలలాడేవి.

పాతికేళ్ళు దాటాక ఆమెకు ఇంటి యజమానురాలు ఫీబీ బ్రాకెట్ వేషం వచ్చింది. అంతకు ముందు ఫీబీగా ఉన్నావిడకు కవల పిల్లలు కడుపున పడ్డారు. ఆ సంగతి ఏప్రనుతో దాచడం ఇక ఎవరివల్లా కాలేదు. ఆ ఏడే కాగితం మిల్లు మూతపడి, అందులో వడ్రంగిగా ఉన్న లూసియెన్ థిబో అనే మనిషి సైలస్ బ్రాకెట్ వేషానికి వచ్చాడు.

లూసియెన్ తాత క్విబెక్ నుంచి కాలినడకన వచ్చినవాడు. వాళ్ళింట్లో ప్రార్థనలూ తిట్లూ ఫ్రెంచిలోనే నడుస్తాయి. అలాంటివాడు పాతకాలపు ఇంగ్లీషు రైతు వేషం వేసుకుని, బల్ల దగ్గర తల వంచి వాళ్ళ ప్రార్థన చదవడం అతనికే తమాషాగా ఉండేది.

"ఈ సైలస్ గారు బతికుంటే మా తాతని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు," అనేవాడు గేటు బయట. "ఇప్పుడు చూడు, ఆయన చొక్కా నాది, ఆయన కుర్చీ నాది, ఆయన పెళ్ళాం కూడా నాదే."

"పెళ్ళాం నీది కాదు, సంఘానిది. పాడుచేస్తే జీతంలో కోస్తారు," అనేది ఆర్డిస్.

తక్కువ మాట్లాడే మనిషికి అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు. మధ్యాహ్నం పొయ్యి మీద వండిన భోజనం చూడవచ్చినవాళ్ళ ఎదుటే తినాలి. తాడు కట్టిన అవతల జనం నిలబడి చూస్తుండగా వీళ్ళిద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చునేవారు. బీన్సూ, పంది మాంసమూ, మొక్కజొన్న రొట్టె.

"ఏమోయ్ ఫీబీ, ఉప్పు మూట మొత్తం ఇందులోనే బోర్లించావా?"

"నోరు మూసుకుని తినవయ్యా. బయటివాళ్ళు చూస్తున్నారు."

"చూస్తే చూడనీ. ఈ ఉప్పు తిని నేను ఎలా చస్తానో వాళ్ళే సాక్ష్యం."

జనం పడీపడీ నవ్వేవారు. ఇందులో సంఘం రాసిచ్చిన మాట ఒక్కటీ లేదు. కాపురం అంటే ఇదే అయితే, చాలామంది నిజం మొగుడూపెళ్ళాలకు ఈ మాత్రం కూడా ఉండదు.

నాలుగింటికి కొట్టం చూసుకునే వెండల్ గంట కొట్టేవాడు. లూసియెన్ తన కోటు మేకుకు తగిలించి, బేస్‌బాల్ టోపీ పెట్టుకుని గేటు వైపు నడిచేవాడు. గేటు గడియ పెట్టాల్సింది ఆర్డిస్ కనక ఆమె కూడా వెంట నడిచేది. అవతల నీలం కారులో అతని భార్య క్లోడెట్ కూర్చుని ఉండేది. కళ్ళద్దాల షాపులో పనిచేసే సన్నటి మనిషి, ఆయాసం మనిషి. కారు అద్దం దించి రోజూ ఒకే ప్రశ్న అడిగేది.

"ఈయన ఇవాళ ఏమైనా పని చేశాడా?"

"తిండి మాత్రం తిన్నాడు. అప్పజెబుతున్నాను, చూసుకోండి," అనేది ఆర్డిస్.

ముగ్గురూ నవ్వుకునేవారు. కారు మలుపు తిరిగేదాకా ఆర్డిస్ గేటు పట్టుకుని నిలబడేది. తరవాత ఇంటికి వెళ్ళి సూపు డబ్బా తెరిచి, అమ్మకు తినిపించి, తను పొయ్యి దగ్గరే నిలబడి తినేది. బల్ల దగ్గర కూర్చుని తినడం ఆమెకు బ్రాకెట్ ఇంట్లోనే అలవాటు. అతనంటే ఆమెకు ప్రేమ. దీనికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. అతనికి ఏముండేదో మాత్రం ఎవరికీ తెలియదు, ఆమెకు అసలే తెలియదు. అతను ఆమె చెయ్యి పట్టుకున్నదల్లా పాతకాలపు పెళ్ళి వేడుక చూపించే రోజున, అదీ జనం ఎదుట.

ఒక్కసారి మాత్రం ఒకటి జరిగింది.

అది ఆగస్టు. వంటింటి నిండా జనం. ఆర్డిస్ మోచేతుల దాకా పిండితో ఉంది. అప్పటి మేనేజరు వెనక గుమ్మంలో నిలబడి, కట్టుబాటు తప్పకూడదు కదా పాపం, పాతకాలపు పద్ధతిలోనే నెమ్మదిగా అన్నాడు.

"ఫీబీ గారూ, కబురొచ్చింది. మీ అమ్మగారు పోయారు."

ఫీబీ బ్రాకెట్ తల్లి చిన్నప్పుడే పోయిందని ఆ ఇంటి కథ. మీ అమ్మ ఎక్కడని వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు రోజూ అడిగేదే. ఆర్డిస్ తలెత్తకుండా పిండి పిసుకుతూ, "ఆవిడ పోయి చాలాకాలమైందండీ. కబురు తెచ్చినవాడి గుర్రం కుంటిదేమో," అంది. జనం గొల్లుమన్నారు. మేనేజరు మాత్రం నవ్వలేదు. రాట్నం దగ్గర కూర్చున్న లూసియెన్‌కు అతని మొహం చూడగానే అర్థమైంది. లేచి వచ్చాడు. టోపీ తీశాడు. అంతమంది ముందు, ఆ ఇంటి కట్టుబాటు పక్కనపెట్టి, "ఆర్డిస్," అన్నాడు. అంతే అన్నాడు. పిండి చేతుల మీద చెయ్యి వేసి, బయటి గుమ్మం దాకా నడిపించాడు.

ఆ ఇంటి గోడల మధ్య ఆమెను సొంత పేరుతో ఎవరైనా పిలవడం అదే మొదలు. తల్లి పోయిన దుఃఖం ఉండనే ఉంది. కాని ఆ తరవాత ఎన్ని ఏళ్ళయినా ఆ రోజు తలుచుకుంటే ఆమెకు ముందుగా వినిపించేది ఆ పిలుపే. అందుకు సిగ్గుపడేది కూడా.

తల్లి అంత్యక్రియలకు పట్టుమని పదిమంది రాలేదు. థిబో దంపతులు వచ్చారు. క్లోడెట్ ఒక వంటకం గిన్నె తెచ్చి ఇచ్చి, "గిన్నె తొందరేమీ లేదు," అంది. ఆర్డిస్ ఆ గిన్నె తోమి మర్నాడే పంపేసింది.

పద్నాలుగో ఏడు క్లోడెట్ ఊపిరితిత్తులు ఇక ఈ చలికి ఆగవన్నారు డాక్టర్లు. వాళ్ళు అరిజోనా వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నారు. కమిటీ కూర్చుంది. లూసియెన్ లాంటి సైలస్ మళ్ళీ దొరకడని తేలింది. దొరకనప్పుడు ఏం చెయ్యాలి? సైలస్‌ను చంపేశారు. పనిలో పనిగా అక్టోబరులో ఒక శనివారం, పాతకాలంలో చావు ఇంట్లో ఏం చేసేవారో చూపించే కార్యక్రమం కూడా పెట్టారు. కిటికీ తలుపులు మూసెయ్యడం, అద్దాల మీద గుడ్డ కప్పడం, గడియారం ఆపడం, గంట కొట్టడం, హాల్లో రెండు పీటల మీద శవాన్ని ఉంచే పెట్టె, పక్కన నల్ల బట్టల్లో విధవరాలు. అందులోకి పెట్టె కావాలి కదా. వెళ్ళేలోగా అది చేసి పొమ్మని లూసియెన్‌కే పురమాయించారు. చచ్చేవాడి చేతే పెట్టె చేయించిన ఘనత మా కమిటీది.

అతను ఆనందంగా ఒప్పుకున్నాడు. కొట్టం నేల మీద పలకలు పరిచి, వాటి మీద వెల్లకిలా పడుకుని, "ఫీబీ, సుద్దముక్క తీసుకురా. తల దగ్గరా కాళ్ళ దగ్గరా గీత గియ్యి," అన్నాడు.

ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని గీసింది. భుజాల దగ్గర కూడా గీసింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతన్ని అంత దగ్గరగా, అంతసేపు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేకుండా చూడటం ఆమెకు అదొక్కసారే దొరికింది.

"కాస్త వదులుగా పెట్టవోయ్. ముసలితనంలో లావెక్కుతానేమో," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

ఆమె జానెడు జరిపి మళ్ళీ గీసింది.

తెల్ల పైన్ చెక్కతో, భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ళ దగ్గర సన్నగా ఆరు పలకల పెట్టె చేశాడు. మేకులు తక్కువ, కూర్పు ఎక్కువ. ఆఖరి రోజున నాలుగింటికి గంట మోగాక ఎప్పట్లాగే కోటు మేకుకు తగిలించాడు. గేటు దగ్గర క్లోడెట్ కారు అద్దం దించి, "ఈయన ఇవాళ ఏమైనా పని చేశాడా?" అని అడిగింది. ఆర్డిస్ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది గాని గొంతు పెగల్లేదు. చెయ్యి ఊపింది.

ఆ మరుసటి ఏడు నుంచి ఆమె విధవరాలు.

ఆ శనివారం వచ్చినవాళ్ళకు గేటు దగ్గరే చెప్పి పంపుతారు. లోపల గట్టిగా మాట్లాడకండి, వరసలో వెళ్ళండి, ఆవిడ చెయ్యి పట్టుకుని "మీకొచ్చిన కష్టానికి చాలా బాధగా ఉందమ్మా" అనండి, వంటింట్లో సీమ జీలకర్ర బిస్కట్టు తీసుకుని వెనక నుంచి వెళ్ళిపోండి. జనం చెప్పినట్టే చేసేవారు. అరిజోనాలో నిక్షేపంలా ఉన్న మనిషి కోసం ఏటేటా వందమంది ఆమె చెయ్యి పట్టుకుని బాధపడేవారు. క్రిస్మస్‌కు ఆ చనిపోయిన మనిషి దగ్గర్నుంచి కార్డు వచ్చేది. టోపీ పెట్టుకున్న ముళ్ళ చెట్టు బొమ్మ, కింద ఇద్దరి పేర్లూ క్లోడెట్ చేతిరాతలో.

ఇందులో నవ్వొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. పెట్టెను మిగతా ఏడాదంతా కొట్టంలో ఉంచితే వెండల్ అందులో ఓట్ల సంచులు దాచేవాడు. ఒక ఏడు పిల్లి అందులో ఈనింది. కాని ఆర్డిస్‌కు ఆ శనివారం అంటే ఇష్టం. ఎందుకిష్టమో పైకి చెప్పుకునే సంగతి కాదు. చెప్పుల ఫ్యాక్టరీ పోయి, ముసలివాళ్ళ ఆశ్రమం వంటింట్లో చలికాలాలు గడిపే మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడేవాళ్ళు ఏడాది పొడుగునా ఎవరున్నారు? ఆ ఒక్క రోజు ఉండేవారు.

పోయిన సెప్టెంబరులో వెండల్ కొట్టంలో ఎద్దులకు గడ్డి వేస్తూ, వాటితో చెబుతున్నట్టుగా అన్నాడు. ముసలాడు ఎనభై దాటాడు.

"అమ్మాయ్, థిబో పోయాడంట. క్లోడెట్ చెల్లెలు షాపులో చెప్పింది. నిద్రలోనే అంట. దహనం చేసేశారంట, చర్చీ లేదు, మనుషులూ లేరు. అక్కడ అంతేనంట."

"ఎప్పుడు?"

"నెల అయిందంట."

ఆర్డిస్ చేతిలో గుడ్ల బుట్ట ఉంది. దాన్ని తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి, వచ్చిన బడిపిల్లలకు అవిసె నార ఎలా దువ్వుతారో చూపించింది. నెల రోజులు. నెల రోజులుగా తను మామూలుగా తిని, మామూలుగా పడుకుంది. సంఘం తరఫున ఒక సానుభూతి కార్డు తిప్పారు. టికెట్లిచ్చే పిల్ల సంతకానికీ వెండల్ సంతకానికీ మధ్య కాస్త జాగా ఉంటే ఆమె కూడా చేసింది. అంతకు మించి ఆమెకు హక్కేముంది? సెలవు పెడితే ఎవరు పోయారని అడుగుతారు. ఏమని చెప్పాలి?

ఆ రాత్రి లెక్కపెట్టుకుంటే ఆమెకు ఒక్కటే మిగిలింది. అక్టోబరు శనివారం. ఆ రోజున నల్ల బట్టలు కట్టుకుని, అతను చేసిన పెట్టె పక్కన కూర్చుని, ఎవరూ ఎందుకని అడగకుండా ఏడవొచ్చు. ఇరవై ఏళ్ళు అబద్ధంగా చేసినదాన్ని ఒక్కసారి నిజంగా చేస్తుంది. ఇంకేమీ అక్కర్లేదు.

సరిగ్గా ఆ ఏడే కొత్త మేనేజరు కర్స్టెన్ ఆ కార్యక్రమం తీసేద్దామనుకుంది. మంచి పిల్లే. ఒక సాయంత్రం గేటు బయట ఆర్డిస్‌ను ఆపి చెప్పింది.

"పిల్లల తల్లులు ఒప్పుకోవట్లేదు, ఆర్డిస్ గారూ. హాల్లో శవపేటిక చూసి పోయినేడు ఇద్దరు పిల్లలు బావురుమన్నారు. దాని బదులు గుమ్మడికాయలు పెడదాం. పళ్ళరసం తీసి చూపిద్దాం."

"పెట్టుకో అమ్మాయ్. వచ్చే ఏడు పెట్టుకో. ఈ ఏడు మాత్రం నన్ను చేసుకోనీ."

కర్స్టెన్ ఆమె వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆర్డిస్ ఒకటి కావాలని అడిగినట్టు ఎవరూ వినలేదు.

"మీకంత ఇష్టమా?"

"ఇష్టమే."

"సరే. ఇదే ఆఖరు మరి."

ఆ వారమంతా ఆర్డిస్ పెళ్ళిపనుల్లా చేసింది. నల్ల గౌను మడతలు విప్పి ఇస్త్రీ చేసింది. వెండల్ చేత ఓట్ల సంచులు తీయించి, పెట్టెను తడిగుడ్డతో తుడిచి, తేనెమైనం రాసింది. లోపలి పలక మీద సుద్ద గీత ఇంకా కనబడుతుందేమోనని వెతికింది. లేదు. శుక్రవారం బిస్కట్లు కాల్చింది. శనివారం గేటు తెరిచే వేళకు చాలా ముందే వెళ్ళి, గడియారం ఆపి, అద్దం మీద గుడ్డ కప్పి, నల్ల శాలువా కప్పుకుని ఆ కుర్చీలో కూర్చుంది. ఇంకాసేపట్లో జనం వస్తారు, ఇంకాసేపట్లో ఏడవొచ్చు అనుకుంది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"టికెట్లు తొమ్మిదింటికండీ," అంది ఆర్డిస్, ఫీబీ గొంతుతోనే.

"నేనండీ. క్లోడెట్‌ని."

జుట్టు తెల్లబడింది, ఇంకా సన్నబడింది. నల్ల కోటేమీ లేదు, ప్రయాణంలో నలిగిన మామూలు చలికోటు. భుజాన గుడ్డ సంచి. రెండు మెట్లు ఎక్కినందుకే రొప్పుతోంది.

"ముందే రాకూడదని తెలుసు. వెండల్ రానిచ్చాడు. ఎల్లుండి మా వాళ్ళ స్మశానంలో ఈయన్ని పెట్టేస్తాం, వాళ్ళ అమ్మ పక్కన. ఈలోగా పెట్టె ఒకసారి చూద్దామని వచ్చాను." పెట్టె వైపు చూసింది. "ఎప్పుడూ అంటుండేవాడు. నాకు హెవ్లిన్‌లో ఇల్లు కట్టి ఉంది, అద్దె కూడా లేదు అని. ఇదేనా?"

"ఇదేనండీ."

క్లోడెట్ దగ్గరికి వచ్చి మూత మీద చెయ్యి పెట్టింది. మూలల్లో కూర్పును వేలితో తడిమింది. పెళ్ళాలు మొగుళ్ళ చేతిపనిని అలాగే చూస్తారు, ఎక్కడ తప్పుందో వెతుకుతున్నట్టు.

"అక్కడ ఒక ఆఫీసులో కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకున్నారు. వారం తరవాత ఇది చేతికిచ్చారు." సంచిలోంచి చితాభస్మం ఉన్న రేకు డబ్బా తీసి చూపించింది. "ఎవరైనా వస్తారేమోనని కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటావిడ వచ్చింది. కారు అమ్ముతారా అని అడిగింది. నాకు ఇంతవరకూ ఏడుపు రాలేదండీ. రాదేమోనని భయంగా ఉంది."

ఆర్డిస్ కుర్చీలోంచి కదల్లేదు. ఒళ్ళు మండిపోయింది, నిజం చెప్పాలంటే. మరో రోజు దొరకలేదా ఈవిడకు? పద్నాలుగేళ్ళు, ప్రతి సాయంత్రం, నాలుగు కొట్టగానే గేటు దాకా నడిపించి అప్పజెప్పింది. ఒక్కనాడు ఆలస్యం చెయ్యలేదు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు, గిన్నె కూడా మర్నాడే తిరిగి పంపేసింది. ఈ ఒక్క రోజు, సాయంత్రం దాకా, తనకు ఉండకూడదా? బయట వెండల్ గంట తాడు సరిచేసుకుంటున్నాడు. గేటు దగ్గర జనం మాటలు వినపడుతున్నాయి.

క్లోడెట్ రేకు డబ్బాను రెండు చేతుల్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉంది.

ఆర్డిస్ లేచింది. పెట్టె మూత తీసి పక్కన పెట్టింది. "లోపల పెట్టండి. ఆయనదే," అంది. క్లోడెట్ వంగి, డబ్బాను తల ఉండాల్సిన చోట పెట్టింది. ఆర్డిస్ మూత వేసింది. తరవాత తన భుజాల మీది నల్ల శాలువా తీసి క్లోడెట్ భుజాల చుట్టూ కప్పి, గడ్డం కింద పిన్ను పెట్టింది.

"ఇక్కడ కూర్చోండి."

"అయ్యో, నాకు మీ మాటలు రావండీ. ఏం చెప్పాలో తెలీదు."

"విధవరాలికి మాటల్లేవు. వాళ్ళే వచ్చి చెబుతారు. మీరు వింటే చాలు."

"మరి మీరో?"

"నాకు వంటింట్లో పనుంది."

వెనక గది మేకుకు పనిపిల్ల ఏప్రను వేలాడుతోంది. ఏ పిల్లా దొరకక రెండేళ్ళుగా ఎవరూ కట్టుకోలేదు. ఆర్డిస్ అది కట్టుకుంది. నాడాలు వెనక్కి అందలేదు. పక్కన ముడివేసుకుని, బిస్కట్ల పళ్ళెం పట్టుకుని, పదహారేళ్ళప్పటిలాగే వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

గంట మోగింది. జనం వరసలో వచ్చారు. కుర్చీలో ఉన్న ముసలావిడ వేషం వేసుకోలేదనీ, చలికోటు మీద శాలువా కప్పుకుందనీ కొందరు గమనించారు గాని ఎవరూ ఏమీ అనలేదు. ఒక లావుపాటి పెద్దమనిషి టోపీ తీసి, ఆమె చెయ్యి పట్టుకుని, గేటు దగ్గర నేర్పిన మాటే అన్నాడు.

"మీకొచ్చిన కష్టానికి చాలా బాధగా ఉందమ్మా."

క్లోడెట్ అతని మొహంలోకి చూసింది. తరవాత వచ్చినామె కూడా ఆ మాటే అంది. ఆమె తరవాత ఒక చిన్నపిల్ల. నాలుగో మనిషో అయిదో మనిషో చెయ్యి పట్టుకున్నప్పుడు క్లోడెట్ నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. ఆ పైన ఆగలేదు. ఫ్రెంచిలో ఏదేదో అంటూ, పెట్టె మీద తల ఆనించి ఏడ్చింది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. వెనక ఎవరో చప్పట్లు కొట్టబోతే పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

గుమ్మం దగ్గర ఆర్డిస్ పళ్ళెం చాస్తూనే ఉంది. "ఒకటి తీసుకోండి. సీమ జీలకర్రవి. వెనక గుమ్మం ఇటు." పళ్ళెం పట్టుకున్న మనిషి మొహం ఎవరూ చూడరు. బిస్కట్టు చూస్తారు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. ఒకావిడ మాత్రం బిస్కట్టు కొరుకుతూ, "ఇందులో వెన్న ఎంత వేస్తారు?" అని అడిగింది. ఆర్డిస్ చెప్పింది.

సాయంత్రానికి వరస పలచబడి ఆగిపోయింది. కర్స్టెన్ గేటు దగ్గర డబ్బాల్లో చిల్లర సర్దుకుంటోంది. హాల్లో ఎవరూ లేరు. ఆర్డిస్ ఖాళీ పళ్ళెం కింద పెట్టి, చేతులు ఏప్రనుకు తుడుచుకుని, ఆ రోజు వచ్చినవాళ్ళందరిలాగే వీధి గుమ్మం వైపు నుంచి నడిచి, కుర్చీ ముందు నిలబడింది. క్లోడెట్ చెయ్యి పట్టుకుంది.

"మీకొచ్చిన కష్టానికి చాలా బాధగా ఉందండీ."

క్లోడెట్ ఆ చెయ్యి వదల్లేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. ఆ ఏప్రను వైపూ, పక్కకు వేసుకున్న ముడి వైపూ, ఆ మొహం వైపూ చాలాసేపు చూసింది.

"నీక్కూడా, ఆర్డిస్," అంది.

ఆ ఇంటి గోడల మధ్య ఆ పేరు వినపడటం అది రెండోసారి. ఆర్డిస్ నేల మీద, అప్పుడు సుద్దముక్క పట్టుకుని కూర్చున్నట్టే, మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

వెండల్ నాలుగు గంటలు కొట్టాడు.

పెట్టె మూత తీసి, డబ్బా సంచిలో పెట్టి, ఆర్డిస్ క్లోడెట్‌ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. గేటు అవతల అద్దెకు తీసుకున్న తెల్ల కారు ఉంది. క్లోడెట్ సంచిని పక్క సీట్లో పెట్టి, పడిపోకుండా బెల్టు కూడా పెట్టింది. ఇంజను ఆన్ చేసి, కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుని, అద్దం దించింది.

"ఈయన ఇవాళ ఏమైనా పని చేశాడా?"

ఈసారి ఆర్డిస్‌కు గొంతు పెగిలింది.

"ఏం లేదు. పొద్దుణ్ణుంచి పడుకునే ఉన్నాడు," అంది. "అప్పజెబుతున్నాను. చూసుకోండి."

కారు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. తరవాత గడియ పెట్టి, ఆపిన గడియారాన్ని నడిపించడానికి లోపలికి వెళ్ళింది.